పేదవాడి తుపాకి - భీమిరెడ్డి నరసింహారెడ్డి

పోయిన చలికాలం ఎన్.సి.సి. క్యాంపులో మాకు పాయింట్ టూటూ రైఫిలుతో గురి నేర్పించారు. ఆ రాత్రి గుడారంలో మాటలన్నీ తుపాకుల మీదికే పోయాయి. గాలిలోకి ఎగిరే మట్టి బిళ్ళలను కాల్చి పగలగొట్టే ఆట గురించి ఒక మిత్రుడు ఎత్తుకున్నాడు. మన హైదరాబాదు యువకుడు కైనన్ చెనాయ్ ఆ ఆటతోనే 2016లో రియో ఒలింపిక్స్ దాకా వెళ్ళాడు. 2023 ఆసియా క్రీడల్లో జట్టుతో కలిసి బంగారు పతకం తెచ్చాడు. మరి మాలాంటి రైతు బిడ్డలు ఆ ఆట ఆడాలంటే చవకలో ఏ తుపాకి దొరుకుతుందని లెక్క వేశాం. పాతదో గీతదో ఒకటి సంపాదించినా, పోటీలో 125 బిళ్ళలు ఎగరేస్తారు. బిళ్ళకొక తూటా అయినా కావాలె. సాధన చేయాలంటే ఆ లెక్కకు అంతే లేదు. ఎద్దును కొనడం కాదురా, మేపడం కష్టం అని మా నాయన ఎప్పుడూ అంటడు. తుపాకి కూడా అంతేనని ఆ రాత్రి అర్థమైంది.

మాకది పొద్దుపోని ముచ్చట. కాని ఒకప్పుడు మా తుంగతుర్తి ప్రాంతంలో ఇదే లెక్క మీద మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉండేవి. ఆ లెక్క తెలిసిన మనిషి భీమిరెడ్డి నరసింహారెడ్డి. జనం నోట ఆయన బి.ఎన్.

ఆయనది తుంగతుర్తి దగ్గర కర్విరాల కొత్తగూడెం. భూములున్న కుటుంబం. కళ్ళు మూసుకొని ఉంటే దొరబిడ్డగా బతుకు సాఫీగా గడిచిపోయేదే. కాని చుట్టూ ఉన్న బతుకులు కళ్ళు మూసుకోనిచ్చేవి కావు. సూర్యాపేట తాలూకాలో ఎర్రపహాడ్ దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబం చేతిలోనే దాదాపు లక్షన్నర ఎకరాలు ఉండేవంటే, మిగిలినవాళ్ళకు ఏం మిగిలిందో ఊహించుకోవచ్చు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ అందరికీ వెట్టి తప్పేది కాదు. ఆంధ్ర మహాసభ ఊళ్ళలోకి వచ్చి వెట్టి చేయొద్దన్నప్పుడు జనం దానికి సంఘం అని పేరు పెట్టుకున్నారు. నరసింహారెడ్డి చిన్న వయసులోనే ఆ సంఘంలో కలిశారు. ఆయన వెంటే చెల్లెలు స్వరాజ్యం కూడా వచ్చింది. ఆమే తర్వాత మల్లు స్వరాజ్యంగా లోకానికి తెలిసిన వీరవనిత.

మొదట్లో సంఘం దగ్గర ఉన్న ఆయుధాలేమిటి? గుత్పలు, వడిసెలలు, ఆడవాళ్ళ చేతిలో కారప్పొడి. వడిసెల మనకు కొత్త కాదు. జొన్నచేను మంచె మీద పిట్టలను కొట్టేది అదే. కొనే పని లేదు, రాళ్ళకు కరువు లేదు. కాని 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకి దెబ్బకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఎదుటివాడి చేతిలో తుపాకి ఉన్నప్పుడు గుత్ప ఎంత దూరం పోతుందన్న ప్రశ్న ఆ రోజుతో ఊరూరా లేచింది. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. సూర్యాపేట ప్రాంతంలో దళాలను నడిపిన ముఖ్యుల్లో నరసింహారెడ్డి ఒకరు.

పిలుపు సరే, తుపాకులెక్కడివి? కొనడానికి డబ్బు లేదు, కొందామన్నా అమ్మే అంగడి లేదు. దొరికే దారులు మూడే.

మొదటిది బర్మారు. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుళ్ళు వేసి, కడ్డీతో దట్టించి కాల్చే నాటు తుపాకి. సురేకారం, గంధకం, బొగ్గు కలిస్తే దాని మందు. చెడిపోతే ఊరి కమ్మరి బాగుచేయగలడు. మేత చవక. కాని ఒకసారి కాల్చాక మళ్ళీ నింపడానికి దాదాపు నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో శత్రువు పదడుగులు కాదు, పొలం దాటి మీదికి వస్తాడు. వాన తడి తగిలితే మందు అంటుకోదు. అంటుకుంటే లేచే తెల్లటి పొగ మనం ఎక్కడ దాక్కున్నామో వాడికి చూపిస్తుంది. మా ముత్తాత మందును ఎండిన సొరకాయ బుర్రలో పోసి, పొయ్యి పైన ఉట్టి మీద దాచేవాడట. మా తాత ఇప్పటికీ ఆ ముచ్చట చెప్తడు.

రెండవది దొరల ఇళ్ళలో షికారుకని ఉంచుకున్న పన్నెండు బోరు తుపాకి. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా చేస్తే, ఒక గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపలి కొలత అంత. అందుకే ఆ పేరు. మట్టి బిళ్ళలను కొట్టే ఆటలో ఇవాళ్టికీ వాడేది ఆ కొలతే. తూటా వెనుక నుంచి పెట్టవచ్చు, వెంటనే కాల్చవచ్చు. గుళ్ళు చెదిరి పోతాయి గనుక దగ్గరి గురి తప్పదు. కాని నలభై గజాలు దాటితే బలం తగ్గుతుంది. దాని తూటా కమ్మరి చేయలేడు.

మూడవది పోలీసుల చేతిలోని త్రీనాట్‌త్రీ రైఫిలు. పది తూటాల డబ్బా, వందల గజాల గురి. దాన్ని సంపాదించాలంటే పోలీసు క్యాంపు మీద పడాలె. తూటాలు అయిపోతే అది ఒట్టి ఇనుము.

ఈ మూడింటిలో ఏది మంచిదని అడిగితే చిన్నపిల్లవాడు కూడా రైఫిలే అంటాడు. కాని దళం అడగవలసిన ప్రశ్న అది కాదు. దేన్ని మేపగలం, దేన్ని బాగుచేసుకోగలం, దేన్ని ఊరు దాచగలదు అన్నదే అసలు ప్రశ్న. నరసింహారెడ్డి వంటివాళ్ళ యుద్ధం ఈ లెక్క నుంచే పుట్టింది. నిమిషానికి ఒకసారి పేలే తుపాకితో ఎదురుబొదురు నిలబడటం ఆత్మహత్య. కాబట్టి దగ్గరికి రానివ్వాలె, చీకటిని వాడుకోవాలె, కొట్టి కనుమరుగు కావాలె. కనుమరుగు కావాలంటే అన్నం పెట్టే ఇల్లు, కబురు మోసే పశులకాపరి, నోరు విప్పని ఊరు కావాలె. బర్మారులో లేని బలం జనంలో వెతుక్కున్నారు. ఆనాటి పార్టీ లెక్కల ప్రకారం మూడు వేల ఊళ్ళలో పది లక్షల ఎకరాల భూమి పంచారంటే, ఆ పని చేసింది తుపాకి ఒక్కటే కాదు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ పోయింది. కాని ఆ సైన్యమే దళాల వైపు తిరిగింది. ఇప్పుడు ఎదుట ఉన్నవి స్టెన్‌గన్నులు, బ్రెన్‌గన్నులు. పోరాటం ఆపాలని రావి నారాయణరెడ్డి వంటి పెద్దలన్నారు, సాగాలని మరికొందరన్నారు. ఆ వాదన ఈనాటికీ తెగలేదు. నరసింహారెడ్డి మాత్రం అడవి పట్టారు. మహబూబాబాద్ అడవుల్లో సైన్యం చుట్టుముట్టినప్పుడు భార్యతో, చంటిబిడ్డతో ఆ వలయాన్ని దాటి బయటపడ్డారు. అన్నీ కలిపి సుమారు ఆరేళ్ళు అజ్ఞాతంలోనే గడిచాయి. నాలుగు వేలమంది దాకా ప్రాణాలు పోయాక, 1951 అక్టోబరులో పార్టీ పోరాటాన్ని విరమించింది.

తుపాకి పట్టినవాడికి దాన్ని దించడం పట్టినంత తేలిక కాదంటారు. ఆయన దించారు. 1957లో సూర్యాపేట నుంచి, 1967లో తుంగతుర్తి నుంచి శాసనసభకు, 1971, 1984, 1991లలో మిర్యాలగూడ నుంచి లోక్‌సభకు గెలిచారు. ఒకప్పుడు దేన్ని మేపగలమని తుపాకిని చూసి లెక్క వేసిన మనిషి, తర్వాత భూమిని చూసి అదే లెక్క వేశారు. పంచిన భూమికి నీళ్ళు లేకపోతే అది తూటా లేని రైఫిలే గదా! కృష్ణ నీళ్ళు మిర్యాలగూడ వైపు పారుతుంటే మెట్టమీది తుంగతుర్తి, సూర్యాపేట ఎండిపోయేవి. శ్రీరాంసాగర్ రెండో దశ కాలువతో గోదావరి నీళ్ళు ఇటు రావాలని ఆయన ఏళ్ళతరబడి కొట్లాడారు. 2008 మే 9న, ఎనభై దాటిన వయసులో కన్నుమూశారు.

స్వరాజ్యం తన ఆత్మకథకు నా మాటే తుపాకీ తూటా అని పేరు పెట్టుకున్నారు. అన్నకూ ఆ పేరు సరిపోతుందని నాకనిపిస్తుంది. చివరికి ఆయన దగ్గర మిగిలిన చవకైన ఆయుధం మాటే.

క్యాంపు నుంచి ఇంటికి పోయినప్పుడు మా నాయన చేను కాడ ఉన్నాడు. రాత్రి అడవిపందులు పడి మక్కచేను తొక్కినయి. ఒక తుపాకి ఉంటే బాగుండునని నేనన్నాను. ఆయన నవ్వి, ముందు కాల్వల నీళ్ళొచ్చినయేమో చూసి రా పో అన్నడు. గట్టు మీద నడుస్తుంటే నరసింహారెడ్డి గారే గుర్తొచ్చారు. ఆ నీళ్ళ లెక్క ఆయన మొదలుపెట్టిందే.