మూసీ తీరాన విశ్వేశ్వరయ్య

1908 సెప్టెంబరు 28. హైదరాబాదు చరిత్రలో కన్నీటితో లిఖింపబడిన దినమది. ఎడతెగని వర్షానికి మూసీనది గట్లు దాటి నగరంపై విరుచుకుపడింది. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయాయి. కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ మాత్రమే నిలిచింది. కోల్సావాడి వంటి పేటలు ఆనవాలు లేకుండా పోయాయి. ఒకే నగరపు రెండు తీరాల మధ్య రాకపోకలు స్తంభించాయి. ప్రాణాలు కోల్పోయినవారు దాదాపు 15,000 మంది అని అంచనా. ఆ దుఃఖం నుండి నగరాన్ని తేర్చి, మళ్ళీ అటువంటి విపత్తు రాకుండా మార్గం చూపే బాధ్యతను నిజాం ప్రభుత్వం ఒక ఇంజనీరుకు అప్పగించింది. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

విశ్వేశ్వరయ్య బెంగుళూరుకు ఉత్తరాన నందికొండల దాపున ఉన్న ముద్దెనహళ్ళిలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకటలక్ష్మమ్మ, శ్రీనివాసశాస్త్రి. పూర్వీకులు మోక్షగుండం గ్రామస్థులు. ఆ ఊరి పేరే ఆయన ఇంటిపేరయింది. మాతృభాష తెలుగు. బాల్యంలోనే తండ్రి మరణించగా, పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ వచ్చిన కొద్దిపాటి ఆదాయంతో బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చదువుకున్నారు. 1881లో పట్టభద్రులయ్యారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పుణేలో ఇంజనీరింగు అభ్యసించి, 1884లో బొంబాయి రాష్ట్ర ప్రజాపనుల శాఖలో చేరారు. సింధు నది ఒడ్డునున్న సుక్కూరు పట్టణానికి మంచినీటి సౌకర్యం కల్పించినా, ఖడక్‌వాస్లా జలాశయానికి తమంతట తాము తెరుచుకునే తలుపులను రూపొందించినా, ఆయన దృష్టి ఎప్పుడూ సామాన్యుని అవసరంపైనే ఉండేది.

1908లో ఆ ఉద్యోగం నుండి విరమించి ఐరోపా పర్యటనలో ఉండగా హైదరాబాదు నుండి ఆహ్వానం అందింది. 1909లో ఆయన నగరానికి వచ్చారు. శిథిలాల నడుమ నిలిచిన ప్రజలు ఎత్తైన గోడలను, కొత్త వంతెనలను కోరుకొని ఉండవచ్చు. విశ్వేశ్వరయ్య మాత్రం ముందుగా వరదకు కారణాన్ని వెదికారు. నది ఎగువ ప్రాంతమంతటా వర్షపాతాన్ని, వాగుల వాలును, చెరువుల స్థితిని పరిశీలింపజేశారు. మూసీ పరివాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండగా, వాటిలో 221 చెరువుల గట్లు తెగినట్లు తేలింది. ఒక చెరువు తెగి దాని నీరు దిగువ చెరువుపై పడగా అదీ తెగింది. ఈ విధంగా పెరుగుతూ వచ్చిన ప్రవాహమే చివరకు నగరాన్ని ముంచింది. నగరంలో కనిపించిన వ్యాధికి మూలం నగరానికి వెలుపల ఉన్నదని ఆయన గ్రహించారు.

చికిత్స కూడా ఆ మూలం వద్దనే మొదలయింది. మూసీపైన, దాని ఉపనది ఈసీపైన నగరానికి ఎగువన రెండు జలాశయాలు నిర్మించి, వరదనీటిని అక్కడ పట్టి ఉంచి, మెల్లగా వదలాలని ఆయన సూచించారు. ఆ సూచన ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. ఒకనాడు ప్రాణాలు తీసిన నీరే ఆ జలాశయాలలో నిలిచి నగరవాసుల దాహం తీర్చింది.

విశ్వేశ్వరయ్య నివేదిక ఆనకట్టలతో ఆగలేదు. నగరంలోని నదీతీరాన్ని ఎత్తుచేసి, దాని వెంట విశాలమైన బాటలు, ఉద్యానవనాలు ఏర్పరచాలని, మురుగునీటికి భూగర్భ మార్గాలు కల్పించాలని ఆయన తలపోశారు. మురుగు వీధిలో పారితే బాటసారికి ఆరోగ్యమూ ఉండదు, భద్రతా ఉండదు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు వాడలను తొలగించి రహదారులను వెడల్పు చేసింది. చార్మినారుకు వెళ్ళే దారిలో పత్తర్‌గట్టీ వద్ద దుకాణాల ముందు కట్టిన రాతి కమానుల వరుస ఆ మండలి కృషియే. ఎండవానలకు, బండ్ల రద్దీకి దూరంగా పాదచారి ఆ కమానుల నీడన నడిచిపోవచ్చు. మురుగునీటి పారుదల పనుల కోసం విశ్వేశ్వరయ్య 1922లో మళ్ళీ హైదరాబాదుకు వచ్చారు.

ఈలోగా ఆయన మైసూరు సంస్థానంలో ప్రధాన ఇంజనీరుగా, 1912 నుండి 1918 వరకు దివానుగా పనిచేశారు. కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణానికి సారథ్యం వహించారు. 1955లో భారతరత్న పురస్కారం పొందారు. 1962 ఏప్రిల్‌లో పరిపూర్ణ జీవితాన్ని ముగించారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను మనం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాము.

2020 అక్టోబరులో కుండపోత వానలకు హైదరాబాదు దక్షిణ భాగంలోని పల్లెచెరువు, గుర్రం చెరువు తెగాయి. వీధులు వాగులయ్యాయి, ఇళ్ళు నీట మునిగాయి. అంతకు నూరేళ్ళకు పైగా పూర్వం విశ్వేశ్వరయ్య గుర్తించిన కారణమే మరొకసారి కళ్ళెదుట నిలిచింది. చెరువు శిఖంలో ఇల్లు కట్టినవాడు, నాలాను పూడ్చినవాడు తన ఇంటికి మాత్రమే స్థలం దొరికిందనుకుంటాడు. ఆ నీరు దిగువన ఉన్న ఏ ఇంటి గడప తొక్కుతుందో ఆలోచించడు. ఆ ఆలోచన చేయడమే నగర నిర్మాణానికి తొలి మెట్టు అని విశ్వేశ్వరయ్య జీవితం మనకు బోధిస్తున్నది.