చూపు సహకరించకున్నా శ్రుతి తప్పని ద్వారం

విజయనగరం: కంటిచూపు సరిగా లేక బడి చదువు మానుకోవలసివచ్చిన ఒక కుర్రవాడు తర్వాతి కాలంలో సంగీత కళాశాలకే అధ్యక్షుడయ్యారు. ఆయనే ఫిడేలు నాయుడుగారిగా పేరొందిన ద్వారం వెంకటస్వామినాయుడు.

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగుళూరులో జన్మించారు. పెరిగింది విశాఖపట్నంలో. చదువు ఆగిపోవడంతో కుర్రవాడి బతుకుతెరువు ఏమిటన్న బెంగ ఇంటివారికి పట్టుకుంది. అన్నగారైన వెంకటకృష్ణయ్య ఆయన చేతికి ఫిడేలు ఇచ్చి పాఠం మొదలుపెట్టారు.

ఫిడేలుకు చూపుకన్నా చెవి ముఖ్యం. వీణకు మెట్లు ఉంటాయి, ఫిడేలుకు ఉండవు. వేలు గింజంత జరిగితే అపస్వరమే. అందుకని ముందు శ్రుతి కుదరాలి. పాటకు ఆధారంగా పెట్టుకునే షడ్జమం, అంటే 'స', నిలబడడమే శ్రుతి. ఫిడేలుకున్న నాలుగు తీగలను స, ప, స, ప అని శ్రుతి చేస్తారు.

స రి గ మ ప ద ని అనేవి ఏడు స్వరాలు. వీటిలో స, ప కదలవు. మిగిలిన అయిదూ హెచ్చుతగ్గులతో పలుకుతాయి. ఆ విధంగా మొత్తం 12 స్వరస్థానాలు ఏర్పడ్డాయి. వీటి కూర్పులను బట్టి 72 మేళకర్త రాగాలను పెద్దలు లెక్కకట్టారు. నేర్చుకునేవారు మాయామాళవగౌళలో సరళీ వరుసలతో మొదలుపెడతారు. లెక్క తప్పకుండా నడిపించేది తాళం. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు. ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపైన రెండుసార్లు దెబ్బ, విసురు. ఇందులో ఏ ఒక్కదానికీ నల్లబల్ల అవసరం లేదు.

అంధుడైన ఒక బాలునికి సంగీతం చెప్పించాలన్న తలంపుతోనే 1919లో విజయనగరంలో మహారాజావారు సంగీత కళాశాల పెట్టారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. విద్యార్థిగా చేరదామని వెళ్లిన నాయుడుగారి వాద్యం విని, ఆయనను అక్కడ ఆచార్యునిగానే నియమించారని ప్రతీతి. 1936లో దాసుగారి తర్వాత అధ్యక్షపదవి ఆయననే వరించింది.

అంతవరకు ఫిడేలు ఎక్కువగా గాత్రానికి పక్కవాద్యం. నాయుడుగారు దానిని ఒంటిగా కచేరీ చేయగల వాద్యంగా నిలబెట్టారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు, 1957లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించాయి. 1964 నవంబరు 25న ఆయన కన్నుమూశారు. 1993లో శతజయంతి సందర్భంగా తపాలాశాఖ ఆయన పేరిట బిళ్ల విడుదల చేసింది.

చదువు అబ్బలేదని పిల్లలను తీసిపారేసే తల్లిదండ్రులు ఒక్కసారి నాయుడుగారి జీవితాన్ని గుర్తుచేసుకోవాలి. ఆ ఇంట అన్నగారు తమ్మునికి లేని చూపును గురించి విచారిస్తూ కూర్చోలేదు. ఉన్న చెవికి పని కల్పించారు.