యోహాను క్రిసొస్తొము

ధర్మసంస్థకు మాన్యములున్నవి గనుక తాము వేఱుగ నీయనక్కఱలేదని తలంచు గృహస్థులు సకలదేశములందును గలరు. అట్టివారితో జీవితాంతము వాదించిన మహనీయుడు యోహాను. ఈతడు సిరియాలోని అంతియొకయ పట్టణమున క్రీస్తుశకము 349 ప్రాంతమున జన్మించెను. సైనికోద్యోగియగు తండ్రి యీతని శైశవముననే గతింపగా, ఇరువదేండ్లకే వితంతువైన తల్లి అంథూస కుమారుని పెంచి విద్య చెప్పించెను. న్యాయవాదియై ధనమార్జింపగల వాక్పటిమ యుండియు నీతడా వృత్తిని విడిచెను. ఆ వృత్తిచేతనే జీవించు నాబోటివారు దీనిని వ్రాయునపుడు కొంచెము సిగ్గుపడవలసియున్నది. 386లో గురుపట్టమొందెను. బంగారునోటివాడను నర్థముగల క్రిసొస్తొమను బిరుదము తరువాత గలిగినది.

అంతియొకయలోని క్రైస్తవసంఘము మూడువేలమంది వితంతువులకును కన్యకలకును దినదినము భృతి యిచ్చుచుండెను. చెఱలోనివారును, రోగులును, బాటసారులును దీనికి వేఱు. సంఘమున కింత ఆదాయమున్నదని ధనికులు చేతులు ముడుచుకొనిరి. ఆ ఆదాయము ధనవంతులలో కడపటివాని రాబడికి మించదనియు, పదుగురట్లు వ్యయపఱచిన పట్టణమున బీదవాడే యుండడనియు యోహాను లెక్కకట్టి చూపెను. జనుల లోభమువలననే సంఘము భూములును అద్దెయిండ్లును కలిగియుండవలసి వచ్చెననియు, ఆత్మలను గాపాడవలసిన గురువులు ద్రాక్షపంటల బేరములలో మునిగిరనియు నాతడు నొచ్చుకొనెను.

398లో కాన్‌స్టాంటినోపిలు బిషప్పయ్యెను. మున్ముందు కార్యనిర్వాహకుని లెక్కలు తెప్పించి నిరుపయోగవ్యయములను నిలిపెను. పిదప తన గృహవ్యయమునే తగ్గించి యా ధనమును వైద్యశాలకు మార్చెను. ఇంకను వైద్యశాలలు కట్టించి వైద్యులను వంటవారిని నియమించెను. అంతటితో పౌరులు విముక్తులైరని యాతడు తలంపలేదు. సంఘసత్ర మున్నను ప్రతి గృహస్థుడును తన యింట నొక గదిని, మంచమును, దీపమును అతిథికై యుంచవలెనని బోధించెను. పరులచేత నిప్పించిన దానము తన దానము గాదని యాతని మతము.

ఇది పెద్దలకు రుచింపలేదు. అలెగ్జాండ్రియా బిషప్పగు థియోఫిలుని ప్రోద్బలమున 403లో ఓక్ అను గ్రామమున సభ కూడెను. సంఘసొత్తు నమ్మెననియు, పూర్వపు బిషప్పు దేవాలయమునకై చేర్చిన చలువరాళ్లను విక్రయించెననియు, ఆదాయమేమైనదో యెవరికిని తెలియదనియు, ఒంటిగా భుజించుననియు అభియోగములు. లెక్క లడిగినవానినే లెక్కలు చెప్పలేదనుట చూడుడు! శత్రువులే న్యాయాధిపతులైన సభకు రానని యోహాను నిరాకరింపగా, ఏకపక్షముగా పదభ్రష్టుని జేసిరి. వెంటనే మరల పిలిపింపబడినను, 404లో అర్మేనియాలోని కుకుసునకు ప్రవాసము పంపబడెను.

అచ్చట నాతని చేతిక్రింద సంఘనిధి లేదు. ఒలింపియా మొదలగు మిత్రులు పంపిన ద్రవ్యముతో, ఇసౌరియా దోపిడిగాండ్రు పట్టుకొనిపోయినవారిని విడిపించుచు, బీదల కన్నము పెట్టుచుండెను. అంతకంటె దూరమునకు తఱుమబడి, త్రోవలో కోమానయొద్ద 407 సెప్టెంబరు 14వ తేదీన దేహము చాలించెను.