గౌతమ్ అని పేరు పెట్టిన తండ్రి



మేడ్చల్, శామీర్‌పేట వైపు మన బస్తీల్లో గౌతమ్ అని పిలిస్తే ఇద్దరు ముగ్గురు పిల్లలు వెనక్కి తిరుగుతరు. మరి అది గౌతమ మహర్షి పేరు గదా, మీకెట్ల వచ్చిందని ఎవరన్నా అడిగితే ఏం చెప్తరు?

సంస్కృతంలో గో అంటే ఆవు, ఎద్దు. తమ అంటే అన్నిట్లోకి మిన్న. గోతమ అంటే మేలైన ఎద్దు, ఆ గోతముని వంశంవాడు గౌతముడు. ఋషి గోత్రమే, కాదనం. శాక్యులు ఆ గోత్రమే చెప్పుకున్నరు. అందుకే సిద్ధార్థుడు పాలిలో గోతముడు, ఆయన్ని పెంచిన పినతల్లి మహాపజాపతి గోతమి. సంఘంలో చేరినవాళ్ల కులగోత్రాలు వదిలించిన ఆయనకే ఆ గోత్రం పేరు నిలిచిపోవడం చూడండి!

మన హైదరాబాదులో ఒకాయన 1956 దీక్షకు ఎన్నో ఏండ్ల ముందే కొడుక్కి ఈ పేరు పెట్టారు. ఆయన భాగ్యరెడ్డి వర్మ గారు.

1888 మే 22న మాల కుటుంబంలో పుట్టినప్పుడు ఆయన మాదరి భాగయ్య. బ్రాహ్మణుడి పేరులో మంగళం, క్షత్రియుడి పేరులో బలం, వైశ్యుడి పేరులో ధనం, శూద్రుడి పేరులో నింద ధ్వనించాలని మనుస్మృతి రాసింది. ఇంక మనకు ఎట్లాంటి పేర్లు దక్కాయో మీ తాతల పేర్లు తలుచుకుంటే తెలుస్తది. ఈ నేలను ఒకప్పుడు ఏలింది మీరేనని చెప్పి, వాళ్లింటి గురువు భాగయ్యను భాగ్యరెడ్డి అని మార్చాడు. 1913లో ఆర్యసమాజం వర్మ అనే బిరుదు ఇచ్చింది. వర్మ అంటే కవచం, క్షత్రియులు పెట్టుకునే మాట.

అయితే తన ఒక్కడి పేరు మారితే చాలనుకోలేదు, అదీ ఆయన గొప్పతనం. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో జనాన్ని కూడగట్టారు. 1911లో అది మన్యసంఘం అయింది. 1917లో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షుడిగా పోయి, పంచములనే మాటే తప్పన్నారు. వర్ణాలు నాలుగే అని వాళ్ల పుస్తకాలే చెప్తుంటే ఐదోది ఎక్కడిది? ఆ సభే ఆది ఆంధ్ర మహాసభ అయింది. నిజాం రాజ్యంలో ఆది హిందువులనే పేరు కోసం ఆయన పట్టుబట్టారు, 1931 జనాభా లెక్కల్లో అది ఎక్కింది. పిల్లలకు బడులు నడిపారు, దేవదాసీ ఆచారం మీద, కల్లు సారాల మీద పోరాడారు.

ఆది హిందూ అన్న మాటలో హిందూ ఉంది గదా అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపిస్తది. కానీ ఆయన మనసు బుద్ధుని వైపు నడిచింది. నగరంలో బుద్ధ జయంతి జరిపారు, ఇంట్లో గౌతమ్ అని పిలుచుకున్నారు.

1939 ఫిబ్రవరి 18న వర్మ గారు కన్నుమూశారు. తండ్రి జీవితాన్ని భాగ్యోదయం అనే పుస్తకంగా రాసింది ఆ గౌతమే.