వాల్టర్ ఓవెన్ బెంట్లీ: యంత్రశక్తికి హద్దు తెలిసిన శిల్పి

మోటారు కారుకు ఉన్న శక్తి చాలదని తోచినప్పుడు దానిని పెంచడానికి ప్రధానంగా రెండు మార్గాలు కనిపిస్తాయి. యంత్రాన్నే మరింత పెద్దదిగా, దృఢంగా నిర్మించుకోవడం మొదటిది. ఉన్న యంత్రానికే అదనపు ప్రాణవాయువును అందించి, దానిచేత మోయగలిగినదానికంటె ఎక్కువ భారాన్ని మోయించడం రెండవది. వీటిలో ఏది శ్రేయస్కరమన్న వివాదం దాదాపు నూరేండ్లుగా సాగుతూనే ఉన్నది. ఈ వివాదంలో ఒక పక్షాన దృఢంగా నిలిచి, తన పేరు ధరించిన సంస్థలోనే తన మాట చెల్లుబాటు కాకపోవడాన్ని చవిచూసిన ఆంగ్లేయ ఇంజనీరు వాల్టర్ ఓవెన్ బెంట్లీ. ఆయన జీవితాన్ని విద్యార్థి మిత్రులకు సంగ్రహంగా పరిచయం చేయడమే మా ఉద్దేశం.

బెంట్లీ 1888 సెప్టెంబరు 16న లండన్ నగరంలోని హాంప్‌స్టెడ్‌లో జన్మించారు. తొమ్మండుగురు సంతానంలో ఆయనే కడగొట్టువారు. క్లిఫ్టన్ కళాశాలలో కొంతకాలం చదివి, పదహారేండ్ల ప్రాయంలోనే దానిని విడిచి, డాన్‌కాస్టర్‌లోని గ్రేట్ నార్తరన్ రైల్వే కర్మాగారంలో శిక్షణకు చేరారు. పోత పోయడం మొదలు రైలింజనులో బొగ్గు వేయడం వరకు అన్ని పనులూ స్వహస్తాలతో నేర్చుకున్నారు. ఆవిరి యంత్రం తొందరపాటును సహించదు. దినమంతా బరువు లాగినా అలసిపోని యంత్రమే మంచి యంత్రమన్న అభిప్రాయం ఆయన మనసులో అక్కడే నాటుకున్నదని మేము భావిస్తున్నాము.

1912లో బెంట్లీ తన సోదరునితో కలిసి డి.ఎఫ్.పి. అనే ఫ్రెంచి కార్లను లండన్‌లో విక్రయించే వ్యాపారం చేపట్టారు. మరుసటి ఏడు ఫ్రాన్సులోని ఆ కర్మాగారానికి వెళ్ళినప్పుడు, బల్లమీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టిన ఒక చిన్న అల్యూమినియం పిస్టన్ నమూనా ఆయన కంటపడింది. ఆ కాలంలో పిస్టన్లను ఇనుముతోనో ఉక్కుతోనో చేసేవారు. అల్యూమినియం తేలికైనది, వేడిని త్వరగా బయటకు పంపుతుంది. దానికి కొంత రాగి కలిపిన మిశ్రమలోహంతో పిస్టన్లు చేయించి కారులో అమర్చగా, అదే యంత్రం మునుపటికంటె వేగంగా తిరిగింది. ఆ కారుతో ఆయన బ్రూక్‌లాండ్స్ పందెపు బాటమీద రికార్డులు నెలకొల్పారు. బయటినుండి ఒత్తిడి చేయకుండా, యంత్రపు లోపలి బలహీనతను సవరించి శక్తిని రాబట్టడమనే ఆయన పద్ధతికి ఇదే శ్రీకారం.

1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైనది. నౌకాదళ వైమానిక విభాగంలో చేరిన బెంట్లీ, అల్యూమినియం పిస్టన్ల రహస్యాన్ని విమాన యంత్రాల నిర్మాతలకు తెలియజేశారు. అప్పటి క్లెర్గే విమాన యంత్రంలోని లోపాలను పరిశీలించి, అల్యూమినియం సిలిండర్లతో బి.ఆర్.1, దాని తరువాత మరింత శక్తివంతమైన బి.ఆర్.2 అనే యంత్రాలను రూపొందించారు. సాప్‌విత్ కేమెల్ వంటి యుద్ధ విమానాలలో అవి పనిచేశాయి. ఆకాశంలో యంత్రం ఆగిపోతే వైమానికుని ప్రాణానికే ముప్పు. కాబట్టి నమ్మదగిన శక్తియే శక్తి అన్న సూత్రం ఆయనకు మరింత బలపడినది. ఈ సేవకు ప్రభుత్వం ఆయనకు ఎం.బి.ఇ. బిరుదమును, అనంతరం 8,000 పౌండ్ల పారితోషికాన్ని ఇచ్చింది.

1919లో ఆయన బెంట్లీ మోటార్స్ సంస్థను స్థాపించారు. లండన్‌లోని క్రికిల్‌వుడ్‌లో తయారైన 3 లీటర్ల కారు 1921లో కొనుగోలుదారుల చేతికి అందినది. అనతికాలంలోనే ఆ కారు ఫ్రాన్సులోని లె మాన్స్‌లో జరిగే ఇరవై నాలుగు గంటల పందెంలో 1924లోను, 1927లోను విజయం సాధించింది. అయితే కీర్తి వచ్చినంత ధనం రాలేదు. 1926లో సంస్థ దివాలా అంచుకు చేరగా, కింబర్లీ వజ్రపు గనుల సంపదకు వారసుడైన వూల్ఫ్ బార్నాటో పెట్టుబడి పెట్టి దానిని ఆదుకున్నాడు. నాటినుండి అధ్యక్షపీఠం బార్నాటోది. బెంట్లీ తన సంస్థలో తానే ఉద్యోగియైనాడు.

ఇక్కడ కొంత శాస్త్రాన్ని స్మరించుకోవడం అవసరం. సిలిండర్‌లో ఎంత పెట్రోలు మండగలదన్నది అందులో ఎంత ఆమ్లజని ఉన్నదన్న దానిమీద ఆధారపడుతుంది. సిలిండర్ పరిమాణాన్ని పెంచితే గాలి ఎక్కువగా ప్రవేశిస్తుంది. అలా పెంచకుండానే గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే సాధనం సూపర్‌చార్జర్. అది తిరగడానికి కావలసిన శక్తిని యంత్రంనుండే గ్రహిస్తుంది; గాలిని వేడెక్కిస్తుంది; పిస్టన్లమీద, బేరింగులమీద భారాన్ని పెంచుతుంది.

లె మాన్స్‌లో కొత్త ప్రత్యర్థులు బయలుదేరడంతో బెంట్లీ మొదటి మార్గాన్నే ఎన్నుకున్నారు. ఆరు సిలిండర్లు, 6,597 ఘన సెంటీమీటర్ల పరిమాణం గల స్పీడ్ సిక్స్ కారును ముందుకు తెచ్చారు. కాని సంస్థ పక్షాన పందేలలో పాల్గొనే సర్ హెన్రీ బిర్కిన్ అనే సాహసి రెండవ మార్గాన్ని పట్టాడు. నాలుగున్నర లీటర్ల బెంట్లీ కారుకు సూపర్‌చార్జర్ తగిలించాలన్నాడు. అది తన యంత్రపు స్వభావానికే విరుద్ధమని బెంట్లీ అభ్యంతరం తెలిపారు. ఆయన మాట నెగ్గలేదు. బార్నాటో అనుమతి ఇచ్చాడు. డొరొతీ పేజెట్ అనే సంపన్నురాలు ధనం సమకూర్చింది. ఏమ్‌హర్స్ట్ విలియర్స్ సూపర్‌చార్జర్‌ను రూపొందించాడు. యంత్రం లోపలి నిర్మాణాన్ని మార్చడానికి బెంట్లీ సమ్మతించనందున ఆ భారీ సాధనాన్ని రేడియేటరుకు ముందు భాగాన బిగించవలసివచ్చింది. లె మాన్స్ నిబంధనల ప్రకారం అటువంటి కార్లు 50 తయారుచేయక తప్పలేదు. సంస్థ ఖజానాకు అది మోయరాని భారం.

అంకెలలో చూస్తే బిర్కిన్ పక్షమే గెలిచినట్లు తోస్తుంది. సుమారు 110 అశ్వశక్తి గల యంత్రం సూపర్‌చార్జర్‌తో 175 అశ్వశక్తిని, పందెపు కార్లలో 240 అశ్వశక్తిని అందుకున్నది. కాని 1930 లె మాన్స్ పందెం వేరొక తీర్పునిచ్చింది. జర్మన్ వీరుడు కరాచియోలా నడిపిన 7 లీటర్ల మెర్సిడెస్ కారుకు కూడా సూపర్‌చార్జర్ ఉన్నది. అయితే అది పెడలును పూర్తిగా అదిమినప్పుడు మాత్రమే, కొద్ది క్షణాలకోసం పనిచేసే ఏర్పాటు. బిర్కిన్ దానిని భీకరంగా వెంటాడి, రెండు చక్రాలు పచ్చికమీదికి దిగినా లెక్కచేయక దాటిపోయాడు. ఆ తరువాత స్పీడ్ సిక్స్ దానికి ఊపిరి సలపనీయలేదు. రాత్రి గడవకముందే మెర్సిడెస్ పందెంనుండి తప్పుకున్నది. తెల్లవారిన తరువాత సూపర్‌చార్జర్ బెంట్లీలు రెండూ కూడా చెడిపోయి ఆగిపోయాయి. సూపర్‌చార్జర్ లేని స్పీడ్ సిక్స్‌లే మొదటి, రెండవ స్థానాలను గెలుచుకున్నాయి.

అయితే ఒక పక్షపు వాదననే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. అదే ఏడు ఫ్రెంచి గ్రాండ్ ప్రీ పందెంలో బిర్కిన్ సూపర్‌చార్జర్ బెంట్లీతోనే రెండవ స్థానం పొందాడు. 1931లో అతడే ఆల్ఫా రోమియో కారులో లె మాన్స్ విజేత అయ్యాడు. ఆ కారుకూ సూపర్‌చార్జర్ ఉన్నది. కాని ఇటలీ ఇంజనీరు విట్టోరియో జానో ఆ యంత్రాన్ని మొదటినుండి సూపర్‌చార్జర్‌ను దృష్టిలో ఉంచుకొనియే నిర్మించాడు. దోషం సాధనానిది కాదు. దానికొరకు పుట్టని యంత్రంమీద దానిని రుద్దడమే దోషమని ఈ రెండు కార్ల చరిత్ర తేటతెల్లం చేస్తున్నది.

1931లో ఆర్థిక మాంద్యం దెబ్బకు బెంట్లీ మోటార్స్ కూలిపోయింది. రోల్స్-రాయిస్ మధ్యవర్తి సంస్థ ద్వారా దానిని కొనుగోలు చేసింది. ఉద్యోగపు ఒప్పందం కారణంగా బెంట్లీ కూడా ఆస్తితోపాటే కొత్త యజమానికి సంక్రమించారు. తన పేరుతో తయారయ్యే కార్ల రూపకల్పనలో తనకు అధికారం లేని ఆ సంవత్సరాలు ఆయనకు ఎంత దుర్భరమో ఊహించవచ్చు. 1935లో ఒప్పందం ముగియగానే లగోండా సంస్థలో చేరి, పన్నెండు సిలిండర్ల నూతన యంత్రాన్ని రూపొందించారు. ఆ కార్లు 1939 లె మాన్స్‌లో మూడవ, నాలుగవ స్థానాలలో నిలిచాయి. యుద్ధానంతరం ఆయన పర్యవేక్షణలో తయారైన 2.6 లీటర్ల యంత్రం ఆస్టన్ మార్టిన్ డి.బి.2 కారుకు ప్రాణమైనది. 1971 ఆగస్టు 13న ఆయన కన్నుమూశారు.

నేడు వేగప్రియుల ముందు నైట్రస్ ఆక్సైడ్ అనే మరొక సాధనం కూడా ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్ విమానాలు అత్యున్నత ఆకాశంలో దీనిని వాడుకున్నాయి. గాలిలో ఆమ్లజని బరువున సుమారు 23 శాతం. ఈ వాయువులో 36 శాతం. సీసాలో ద్రవరూపంలో ఉండి, యంత్రంలో ప్రవేశించేటప్పుడు ఆవిరియై లోపలి గాలిని చల్లబరుస్తుంది కూడ. ఖర్చు స్వల్పం, అమరిక సులభం. కాని సీసా ఖాళీ అయినదాకానే దాని ప్రతాపం; దానితోపాటు తగినంత పెట్రోలు అందకపోతే పిస్టన్లు కరిగిపోయే ప్రమాదమున్నది. సూపర్‌చార్జర్ ఖరీదైనది, కాని యంత్రం నడిచినంతసేపూ తోడుంటుంది. క్షణకాలపు వేగం కావలసినవారికి ఒకటి, నిత్యావసరానికి మరొకటి. రెండింటికీ ముందు వేయవలసిన ప్రశ్న మాత్రం ఒక్కటే: ఈ పిస్టన్లు, ఈ బేరింగులు, ఈ శీతలీకరణ ఆ భారాన్ని భరించగలవా?

1982లో బెంట్లీ పేరుతోనే టర్బోచార్జర్ కారు వెలువడినది. వ్యర్థ వాయువుల బలంతో గాలిని నెట్టే సాధనమది. కాలం ఆయన అభిరుచిని దాటిపోయిందనవచ్చు. ఆయన అడిగిన ప్రశ్నను మాత్రం దాటలేదు. శక్తిని కోరేముందు దానిని మోసే పాత్ర పటుత్వాన్ని పరీక్షించుకోవడం యంత్రాలను నిర్మించబోయే మన విద్యార్థులకు అలవడితే, బెంట్లీ జీవితాన్ని స్మరించుకున్నందుకు ఫలితం దక్కినట్లేనని మేము విశ్వసిస్తున్నాము.