మెకంజీ చిత్రంలో కానరాని ఏలూరు వాసి

నూజివీడు: తెలుగు నేల గ్రామచరిత్రలను అక్షరబద్ధం చేయించిన కర్నల్ కాలిన్ మెకంజీ రూపాన్ని నేటి తరాలకు అందించింది ఒక తైలవర్ణ చిత్రం. 1816లో మద్రాసులో థామస్ హికీ చిత్రించిన ఆ పటం ప్రస్తుతం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో ఉన్నవారిని పరిశీలిస్తే మెకంజీ జీవితం బోధపడుతుంది. లేనివారిని తలచుకుంటే మామిడితోటల నూజివీడుకు పొరుగున ఉన్న ఏలూరుకు ఆయన పడిన రుణం తెలుస్తుంది.

స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవిలో జన్మించిన మెకంజీ 1783లో మద్రాసు చేరి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా పనిచేశారు. టిప్పు సుల్తాన్ పతనానంతరం మైసూరు సర్వే బాధ్యత చేపట్టారు. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్‌గా నియమితులయ్యారు. హికీ కుంచె పట్టింది ఆ మరుసటి ఏడాదే.

చిత్రంలో ఎర్రని సైనిక దుస్తుల్లో అరవై దాటిన అధికారి నిలబడి ఉన్నారు. ముఖంలో పదవీగర్వం కన్నా దీర్ఘకాల శ్రమ మిగిల్చిన అలసటే ఎక్కువగా కానవస్తుంది. చుట్టూ ముగ్గురు భారతీయ సహాయకులు ఉన్నారు. జైన పండితుని చేతిలో తాళపత్రాలు, సేవకుని చేతిలో దూరదర్శిని ఉన్నాయి. మూడవవారు ఏలూరుకు చెందిన కావలి వెంకట లక్ష్మయ్యగా గుర్తింపు పొందారు. వెనుక దూరాన గోమఠేశ్వరుని మహావిగ్రహం దర్శనమిస్తుంది. కొలతలు, శాసనాలు, గ్రంథాలు కలిసి సాగిన ఆయన కృషికి ఇవన్నీ సంకేతాలు.

అయితే ఆ కృషికి దారిచూపిన లక్ష్మయ్య సోదరుడు కావలి వెంకట బొర్రయ్య అందులో లేరు. దేశభాషలు రాని మెకంజీకి శాసనాలు చదివి, పండితులతో మాట్లాడి, సమాచారం రాబట్టే పద్ధతిని ఏర్పరచింది ఆయనే. 1776లో జన్మించిన బొర్రయ్య 1803లోనే కన్నుమూశారు. భారతీయ విజ్ఞానద్వారంలో తన తొలి అడుగు ఆయన వల్లనే పడిందని మెకంజీ స్వయంగా అంగీకరించారు. అన్న బాధ్యతను లక్ష్మయ్య స్వీకరించారు.

1821లో మెకంజీ మరణించేనాటికి 8,076 శాసనాల నకళ్లు, 2,070 స్థానిక చరిత్రలు, 6,218 నాణేలు పోగయ్యాయి. గ్రామ కైఫీయతులుగా నేడు పరిశోధకులు ఆశ్రయిస్తున్నది ఈ భాండాగారాన్నే. ఆ పనిని కొనసాగించేందుకు 1830వ దశకంలో లక్ష్మయ్య ముందుకు రాగా, స్వదేశీయునికి అంతటి విమర్శనాశక్తి ఉండదన్న భావనతో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ఆయన ప్రతిపాదనను తోసిపుచ్చింది. చిత్రపటంలో దొర పక్కన చోటిచ్చిన కాలమే, ఆయన స్థానంలో నిలిచే అర్హతను నిరాకరించింది.

బొర్రయ్యకు చిత్రంలో దక్కని చోటు మాత్రం అక్షరాల్లో దక్కింది. మరో సోదరుడు వెంకట రామస్వామి దక్కను కవుల జీవితాలపై 1829లో కలకత్తాలో ప్రచురించిన ఆంగ్లగ్రంథంలో అన్నగారి చరిత్రను సైతం పొందుపరిచారు.