పన్నుకు అందకుండా ఊరే దాటించిన దుగ్గిరాల

మంగళగిరి: మన మంగళగిరివలె చీరాల కూడా నేతగాళ్ల ఊరు. 1919లో ప్రభుత్వం చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. సుమారు 4 వేల రూపాయలున్న పన్ను 40 వేలకు ఎగబాకింది.

పెనుగంచిప్రోలులో 1889లో పుట్టి, ఎడిన్‌బరోలో చదివివచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య జనం పక్షాన నిలిచారు. పన్ను మునిసిపాలిటీ ఎల్లల లోపలే కదా, ఎల్ల దాటితే అడిగేదెవరు? 1921 ఏప్రిల్‌లో చీరాల వచ్చిన గాంధీజీ సలహా కూడా అదే. వేలాదిమంది ఇళ్లు విడిచి, ఊరి బయట రామనగరంలో పాకలు వేసుకున్నారు. రామదండు కాపలా కాసింది. ఎండా, వానా, చలీ పాకల్లోనే, పదకొండు నెలలు! మగ్గం కదిలితే కూడు కదిలినట్లేనని మనవాళ్లకు వేరే చెప్పాలా?

ప్రభుత్వం దుగ్గిరాలను జైలుకు పంపింది. నాయకుడు లేక, చేతిలో డబ్బు లేక జనం తిరిగి ఇళ్లు చేరారు. ఆయన 1928 జూన్‌లో కన్నుమూశారు. వయసు 39.